పసిగుడ్ల పగవాణ్ని పట్టిచ్చిన రెబెకా

పెద్దవాళ్లకి ఒంట్లో బాగా లేకపోతే నోరు తెరిచి చెప్తారు. ఏడాది పిల్లాడైతే ఏడ్చి యాగీ చేస్తాడు. మరి పుట్టి రెండు రోజులైనా కాని పసిగుడ్డు సంగతేమిటి? నెత్తుట్లో ఇన్‌ఫెక్షన్ చేరినా చాలాసార్లు జ్వరం కూడా రాదు. ఒళ్లు కాలాల్సింది పోయి చల్లబడుతుంది. పాలు తాగడం మానేస్తుంది. మత్తుగా పడుకుంటుంది. చూడవచ్చినవాళ్లు బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదని మురిసిపోతారు కూడా. గంటలు గడిచేకొద్దీ ఊపిరి వేగం పెరుగుతుంది, ఒంటి రంగు మారుతుంది. డాక్టర్లు సెప్సిస్ అనేది దీన్నే. ఒక్క పూట ఆలస్యమైతే బిడ్డ చేతికి దక్కకపోవచ్చు.

అందుకే పసిపిల్లల వార్డులో అనుమానం రాగానే బిడ్డ నెత్తురు తీస్తారు. రిపోర్టు కాగితం మీద సి.ఆర్.పి. అని ఒకటి, బ్లడ్ కల్చర్ అని ఇంకొకటి కనిపిస్తాయి. ఆ సి.ఆర్.పి. బయటపడింది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆస్పత్రిలో. కల్చర్‌లో దొరికే సూక్ష్మజీవుల్లో పసిబిడ్డలకి పెద్ద శత్రువైన ఒకదానికి గ్రూపు పేరు పెట్టిందీ అక్కడే. పెట్టినావిడ రెబెకా లాన్స్‌ఫీల్డ్. మైక్రోబయాలజీ చదివిన ప్రతివాళ్లూ లాన్స్‌ఫీల్డ్ గ్రూపులని బట్టీ పట్టే ఉంటారు. ఆ లాన్స్‌ఫీల్డ్ ఆడమనిషి అని వాళ్లలో ఎందరికి తెలుసో, నాకు అనుమానమే.

ఆరుగురు ఆడపిల్లల ఇల్లు

రెబెకా క్రెయిగ్‌హిల్ 1895 జనవరి 5న న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో, ఫోర్ట్ వాడ్స్‌వర్త్ అనే సైనిక స్థావరంలో పుట్టింది. తండ్రి అమెరికా సైన్యంలో ఇంజనీరు. ఇంట్లో ఆరుగురూ ఆడపిల్లలే. తల్లి పేరు మేరీ వర్ట్‌లీ మాంటేగ్ బైరమ్.

ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి. 18వ శతాబ్దంలో లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగ్ అని ఒక ఇంగ్లీషు దొరసాని ఉండేది. మశూచి పొక్కుల్లోని రసాన్ని చర్మంలోకి ఎక్కించి జబ్బు ముదరకుండా కాపాడే పద్ధతిని టర్కీ ఆడవాళ్ల దగ్గర చూసింది. 1718లో అక్కడే తన కొడుక్కి చేయించింది. 1721లో లండన్‌లో కూతురికి చేయించి అక్కడి డాక్టర్లకి దారి చూపింది. ఆవిడ పేరు పెట్టుకున్న తల్లి కడుపున రెబెకా పుట్టింది. కాకతాళీయమే కావచ్చు గానీ నాకెందుకో ముచ్చటేస్తుంది.

రెబెకా 1912లో వెల్స్‌లీ కాలేజీలో చేరింది. ఆడపిల్లల కాలేజీ. ఇంగ్లీషు, ఫ్రెంచి సాహిత్యం చదువుకుందామని వెళ్లింది. గదిలో తనతో పాటు ఉండే పిల్ల జంతుశాస్త్రం చదువుతుండేది. ఆ అమ్మాయి పుస్తకాలు తిరగేస్తూ, ఆ పాఠాల కబుర్లు వింటూ మనసు అటు మళ్లింది. సాహిత్యం పక్కన పెట్టి జంతుశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుంది. హాస్టల్లో పక్క మంచం పిల్ల ఎవరన్నది మన ఆడపిల్లల జీవితాల్లోనూ ఎంత తేడా తెస్తుందో తెలిసిందే కదా!

1916లో డిగ్రీ చేతికొచ్చింది. పై చదువులకి డబ్బు లేదు. వెర్మాంట్ రాష్ట్రంలో ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో ఏడాది పాటు లెక్కలు, సైన్సు చెప్పింది. ఆ తర్వాత సైనికాధికారుల కూతుళ్ల కోసం పెట్టిన ఒక స్కాలర్‌షిప్ దొరికింది. అది టీచర్ల ట్రైనింగ్ కాలేజీకి పనికొచ్చే స్కాలర్‌షిప్. రెబెకా పేరు అక్కడ నమోదు చేయించుకుని, చదువు మాత్రం కొలంబియా యూనివర్సిటీ వైద్య కళాశాలలో బాక్టీరియాలజీ చదివింది. మొండి పిల్ల! 1918లో మాస్టర్స్ డిగ్రీ వచ్చింది. అదే ఏడాది తోటి విద్యార్థి డొనాల్డ్ లాన్స్‌ఫీల్డ్‌తో పెళ్లయింది. ఆయన పండ్ల ఈగల మీద జన్యుశాస్త్రం పరిశోధన చేసేవాడు.

టెక్నీషియన్ ఉద్యోగం

పెళ్లయిన ఏడే ఉద్యోగం కూడా దొరికింది. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆస్వాల్డ్ ఏవరీ, ఆల్ఫాన్స్ డోషే అనే ఇద్దరు శాస్త్రవేత్తల దగ్గర టెక్నీషియన్. అంటే గాజు గొట్టాలు సర్దడం, సూక్ష్మజీవులకి మేత వేసి పెంచడం, పరీక్షలు పెట్టడం. నేనూ ఓ చిన్న ఊళ్లో ఇరవై ఏళ్లకి పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను కాబట్టి ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు ఛాతీ కాస్త ఉబ్బుతుంది. మా పని మీద మా పేరు ఉండదు. రిపోర్టు కింద డాక్టరుగారి సంతకం ఉంటుంది.

అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. టెక్సస్‌లోని సైనిక శిబిరాల్లో తట్టు వ్యాపించింది. తట్టు తగ్గుతోందనుకుంటుండగా ఊపిరితిత్తుల్లో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరి కుర్రాళ్లు చనిపోయేవారు. మైక్రోస్కోపులో చూస్తే పూసల దండలా కనిపిస్తుందది. చిక్కేమిటంటే ఎవరి గొంతులో చూసినా అదే దండ. గొంతు నొప్పికీ అదే. చీముగడ్డకీ అదే. బాలింత జ్వరానికీ, గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ జ్వరానికీ అదే. పోనీ జబ్బున్నవాళ్లలోనే ఉందా అంటే, పాలల్లోనూ చీజ్‌లోనూ ఉంది, శుభ్రంగా తిరిగేవాళ్ల గొంతులోనూ ఉంది. ఇవన్నీ ఒకటేనా, వేరువేరా?

తేల్చడానికి కుందేళ్లు కావాలి. చంపిన సూక్ష్మజీవుల్ని కుందేలుకి ఎక్కిస్తే దాని నెత్తుట్లో ఆ సూక్ష్మజీవికి మాత్రమే సరిపోయే విరుగుడు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. ఆ నెత్తుటి తేటే సీరం. ఏ సూక్ష్మజీవి ఏ సీరానికి లొంగుతుందో చూస్తే దాని వంశం తెలిసిపోతుంది. టెక్సస్ నుంచి వచ్చిన 125 నమూనాల్ని ఇలా వడగడితే నాలుగు స్పష్టమైన రకాలు బయటపడ్డాయి. 1919లో అచ్చయిన ఆ పరిశోధనా వ్యాసం మీద డోషే, ఏవరీ పేర్లతో పాటు లాన్స్‌ఫీల్డ్ పేరూ ఉంది. టెక్నీషియన్ పేరు వ్యాసం మీద వేయడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆ ఇద్దరు పెద్దమనుషుల మంచితనాన్నీ ఒప్పుకోవాలి.

పేరైతే వచ్చింది గానీ ఉద్యోగం నిలవలేదు. ఆ పనికి ఇచ్చిన డబ్బు అయిపోయింది. రెబెకా కొన్నాళ్లు పండ్ల ఈగల మీద పనిచేసింది. భర్త సొంత రాష్ట్రం ఆరిగాన్ వెళ్లి అక్కడి యూనివర్సిటీలో బాక్టీరియాలజీ పాఠాలు చెప్పింది. 1922లో దంపతులిద్దరూ న్యూయార్క్ తిరిగొచ్చారు. ఈసారి రాక్‌ఫెల్లర్ ఆస్పత్రిలో రుమాటిక్ జ్వరం మీద పనిచేసే హోమర్ స్విఫ్ట్ దగ్గర చేరింది. పచ్చటి మచ్చ వదిలే ఒక జాతి స్ట్రెప్టోకాకస్ ఆ జ్వరానికి కారణమని అప్పట్లో కొందరి నమ్మకం. కాదని తేలింది. ఆ పని మీదే 1925లో డాక్టరేట్ వచ్చింది.

ఎ నుంచి ఇ వరకు

ఆవిడ చేసిన పెద్ద పని 1933లో బయటికొచ్చింది. సూక్ష్మజీవుల్ని పలచటి ఆమ్లంలో వేడి చేస్తే వాటి గోడలోని ఒక రకం పిండిపదార్థం రసంలోకి దిగుతుంది. సన్నటి గాజు గొట్టంలో ఆ రసాన్నీ కుందేలు సీరాన్నీ కలిపితే, ఒకదానికొకటి సరిపోయినవైతే పాలు విరిగినట్టు తెల్లగా తెట్టు కడుతుంది. సరిపోకపోతే తేటగానే ఉండిపోతుంది. అంతే పరీక్ష. మనుషుల నుంచి, పశువుల నుంచి, పాల నుంచి, చీజ్ నుంచి తెచ్చిన నూటికి పైగా నమూనాల్ని ఇలా పెట్టి చూసింది. అవి ఐదు గుంపులుగా విడిపోయాయి. మనుషుల జబ్బుల్లో దొరికినవి దాదాపు అన్నీ ఎ గ్రూపు. ఆవులకి పొదుగువాపు తెచ్చేవి బి గ్రూపు. తక్కిన జంతువుల్లోవి ఎక్కువగా సి. చీజ్‌లోవి డి. పాలల్లో దొరికిన ఇంకో రకం ఇ. తర్వాత వచ్చినవాళ్లు అక్షరాలు పెంచుకుంటూ పోయారు గానీ పద్ధతి మాత్రం ఆవిడదే.

బి గ్రూపు సంగతి గుర్తుంచుకోండి. మన కథకి అదే ముఖ్యం. 1934లో ఆవిడ దాన్ని మళ్లీ రకాలుగా విడదీసింది. 1938లో మొదటి రకాన్నే రెండుగా చీల్చి ఒకటి-ఎ, ఒకటి-బి అంది. అప్పటికి అదంతా పశువుల డాక్టర్లకి పనికొచ్చే వ్యవహారంలాగే కనిపించింది.

ఈ మధ్యలో 1935లో ఇంకో పని జరిగింది. అప్పట్లో కాన్పు అంటే చావు పక్కనే ఉండేది. లండన్‌లోని క్వీన్ షార్లెట్ ఆస్పత్రి బాలింత జ్వరం మీద పరిశోధనకి పేరుపడింది. అక్కడి డాక్టర్ రొనాల్డ్ హేర్‌తో కలిసి రెబెకా కాన్పయిన ఆడవాళ్ల నుంచి తీసిన స్ట్రెప్టోకాకస్ నమూనాల గ్రూపులు తేల్చింది. జ్వరంతో మంచం పట్టినవాళ్లలో ఉన్నది ఎ గ్రూపు. జ్వరం లేకుండా బాగున్నవాళ్లలోనూ కొందరి యోనిమార్గంలో స్ట్రెప్టోకాకస్ కనిపించింది గానీ అది వేరే గ్రూపులది. అందులో బి గ్రూపూ ఉంది. అంటే ఆవు పొదుగులో పుట్టిందనుకున్నది మనుషుల ఆడవాళ్లలోనూ చప్పుడు చేయకుండా కాపురం చేస్తోందన్నమాట. జ్వరం తేవడం లేదు కాబట్టి పాపం దాన్ని సాధువనుకున్నారు. 1938లో లండన్ డాక్టర్ ఫ్రై ఒకాయన బి గ్రూపు వల్ల ముగ్గురు బాలింతలు చనిపోయిన సంగతి రాశాడు. ఆ తర్వాత యుద్ధం, పెన్సిలిన్, బోలెడు గొడవల్లో ఆ సాధువు మళ్లీ కనుమరుగైంది.

ఎగ్‌నాగ్ సంగతి

ఇంతకీ మనిషి ఎలాంటిది? సభలంటే పెద్దగా పట్టని మనిషి. ల్యాబే లోకం. 1929లో కూతురు జేన్ పుట్టింది. డొనాల్డ్ న్యూయార్క్‌లో కాలేజీ ప్రొఫెసరు. వేసవి రాగానే కుటుంబమంతా సముద్రపు ఒడ్డున ఉన్న వుడ్స్ హోల్ అనే ఊరికి వెళ్లేవారు. సూక్ష్మజీవుల్లాగే వంటకీ కొలతలుంటాయని ఆవిడకి తెలుసనుకుంటాను. కోడిగుడ్లు, పాలమీగడ, చక్కెర, మద్యం కలిపి ఆవిడ చేసే ఎగ్‌నాగ్ అనే పానీయం రాక్‌ఫెల్లర్‌లో పేరుమోసింది. క్రిస్మస్‌కి కొన్ని వారాల ముందే కలిపి చల్లగా నిలవ పెట్టేది. పచ్చి గుడ్లు కదా, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త అయ్యుండి ఇదేం పని అనిపిస్తుంది. ఆవిడ పోయాక చాలా ఏళ్లకి, 2008లో, అక్కడివాళ్లు ఆ పానీయంలో కావాలని సాల్మొనెల్లా కలిపి చూశారట. మూడు వారాలకల్లా ఒక్కటీ బతికి లేదు. మద్యం, కాలం కలిసి పని పూర్తి చేశాయి. అదీ ఆవిడ లెక్క.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాల నుంచి నమూనాలు గుట్టలుగా వచ్చాయి. నేరస్తుల్ని పట్టే లండన్ పోలీసుల పేరు మీద ఆవిడ ల్యాబ్‌ని స్ట్రెప్టోకాకస్‌ల స్కాట్లండ్ యార్డ్ అనేవారు. ఎక్కడ ఏ కేసు తెగకపోయినా గొట్టం అక్కడికే చేరేది. అలా చేరినవాటిని ఒక్కటీ పారేయకుండా దాచింది. వేల రకాలు. ఒకసారి ఒక రకం స్ట్రెప్టోకాకస్ సోకినవాళ్లలో దానికి విరుగుడు 30 ఏళ్ల తర్వాత కూడా నెత్తుట్లో మిగిలి ఉంటుందని 1959లో చూపించింది. పాత రోగుల్ని మళ్లీ పిలిపించి నెత్తురు తీసి మరీ చూపించింది. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

1943లో అమెరికా బాక్టీరియాలజిస్టుల సంఘానికి అధ్యక్షురాలైంది. 1961లో ఇమ్యునాలజిస్టుల సంఘానికి. ఈ రెండో సంఘానికి ఆడవాళ్లలో ఆవిడే మొదటి అధ్యక్షురాలు. మరి సొంత సంస్థలో? పూర్తి ప్రొఫెసరు హోదా 1958లో వచ్చింది. అప్పటికి వయసు 63. లాన్స్‌ఫీల్డ్ గ్రూపులు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి పాతికేళ్లయింది. జాతీయ సైన్సు అకాడమీలో చోటు దొరికింది 1970లో, 75 ఏళ్ల వయసులో. ఆవిడ దీన్ని గురించి రాద్ధాంతం చేసినట్టు కనపడదు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

సాధువు ముసుగు తీసింది

1964లో బాస్టన్ డాక్టర్లు ఒక వ్యాసం రాశారు. తమ ఆస్పత్రిలో పుట్టిన పిల్లల్లో సెప్సిస్‌కి బి గ్రూపు స్ట్రెప్టోకాకస్ కారణమవుతోందన్నారు. 1970లకి వచ్చేసరికి అమెరికాలో పసిబిడ్డల సెప్సిస్‌కి పెద్ద కారణం అదే అని తేలింది. ఆ తొలి సంవత్సరాల లెక్కల్లో జబ్బు పడిన పిల్లల్లో కొన్నిచోట్ల సగం దాకా చనిపోయారు. పుట్టిన కొద్ది గంటల్లోనే ఆయాసం మొదలవుతుంది, రోజు తిరక్కుండా బిడ్డ పోతుంది. తల్లి చూస్తే ఆరోగ్యంగా ఉంటుంది. ఆవిడకి తెలియకుండానే యోనిమార్గంలో ఉన్న ఆ సూక్ష్మజీవి కాన్పు సమయంలో బిడ్డకి చేరుతుంది. 1935లో రెబెకా, హేర్ చూసిన ఆ చప్పుడు చేయని కాపురం ఇదే! ఈ మాట చెప్తే ఏ తల్లయినా తనని తాను తిట్టుకుంటుంది. కానీ ఇది శుభ్రతకి సంబంధించింది కాదు, తల్లి తప్పూ కాదు. పేగుల్లో సహజంగా ఉండేదే అటుకూడా వెళ్తుంది. అలా ఉన్న తల్లుల పిల్లల్లోనూ నూటికి ఒకరిద్దరే జబ్బు పడతారు.

ఆ ఒకరిద్దరే ఎందుకు? 1976లో కరోల్ బేకర్ అనే డాక్టరమ్మ, డెనిస్ కాస్పర్ అనే డాక్టరు కలిసి తల్లుల నెత్తురు పరీక్షించారు. బి గ్రూపులో మూడో రకం సోకి జబ్బు పడిన పిల్లల తల్లుల నెత్తుట్లో ఆ రకానికి విరుగుడు బాగా తక్కువ. విరుగుడు తగినంత ఉన్న తల్లి దాన్ని మాయ ద్వారా బిడ్డకి ముందే పంచేస్తుంది. అలా బిడ్డకున్న గండం తల్లి నెత్తుట్లోనే కనిపించింది. ఇలాంటి పరీక్ష చేయాలంటే ముందు బి గ్రూపులో ఏది ఏ రకమో చెప్పగలగాలి. ఆ పని 1934లోనే అయిపోయి ఉంది, ఆవుల కోసమని.

అప్పటికి రెబెకాకి 80 దాటాయి. రిటైరైంది 1965లో. అయినా రోజూ ల్యాబ్‌కి వెళ్తూనే ఉంది. పసిపిల్లలు చనిపోతున్నారన్న సంగతి తెలిశాక నలభై ఏళ్ల కిందటి తన బి గ్రూపు గొట్టాల్ని మళ్లీ బయటికి తీసింది. ఏయే యాంటీబాడీలు ఎలుకల్ని బి గ్రూపు నుంచి కాపాడతాయో పరీక్షించి 1975లో వ్యాసం అచ్చు వేసింది. 80 ఏళ్ల వయసులో!

అదే భవనంలో ఇంకో తెట్టు

సి.ఆర్.పి. కథ చెప్తానన్నాను కదూ. అది రెబెకా కనిపెట్టింది కాదు, ఆవిడ పనిచేసే ఆస్పత్రిలోనే ఏవరీ ల్యాబ్‌లో బయటపడింది. 1930లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యూమోనియా రోగుల సీరాన్ని ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి నుంచి తీసిన సి అనే పదార్థంతో కలిపారు. తెల్లగా తెట్టు కట్టింది. ఇందులో వింతేమీ లేదు, విరుగుడు ఉంది కాబట్టి కట్టిందనుకోవచ్చు. కానీ రోగి కోలుకునేకొద్దీ విరుగుడు పెరగాలి. ఇక్కడ తెట్టు తగ్గిపోయింది! జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడే ఉండి, తగ్గగానే మాయమయ్యే పదార్థమేదో నెత్తుట్లో ఉందన్నమాట. సి పదార్థంతో కలిసేది కాబట్టి సి రియాక్టివ్ ప్రొటీన్ అన్నారు. అదే సి.ఆర్.పి. దాన్ని 1947లో స్ఫటికాలుగా విడదీసినవాడు మెక్లిన్ మెకార్టీ. హోమర్ స్విఫ్ట్ తర్వాత రెబెకా పనిచేసే విభాగానికి పెద్దయింది ఆయనే. 1975 వ్యాసంలో ఆవిడ తోటి రచయితా ఆయనే.

ఈ పరీక్ష నేను లెక్కలేనన్నిసార్లు చేశాను. నల్లటి పలక మీద సీరం చుక్క, పక్కన లేటెక్స్ మందు చుక్క వేసి పుల్లతో కలిపి రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. గింజలు గింజలుగా విరిగితే పాజిటివ్. రెబెకా గొట్టంలో చూసిన తెట్టుకి ఇది చెల్లెలు. ఇప్పుడు మిషన్లొచ్చి అంకె చెప్పేస్తున్నాయి. వార్డు బయట నిలబడ్డ తండ్రులు, అమ్మమ్మలు ఆ అంకె మీదే ప్రాణాలు పెట్టుకుంటారు. అందుకని దాని గుణం నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఇన్‌ఫెక్షన్ సోకగానే సి.ఆర్.పి. పెరగదు. కాలేయం దాన్ని తయారు చేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. 24 నుంచి 48 గంటల్లో శిఖరానికి చేరుతుంది. కాబట్టి మొదటి రిపోర్టు బాగుందని సంబరపడిపోవడానికి లేదు, బిడ్డ తీరు బాగా లేకపోతే డాక్టరు మందులు మొదలుపెట్టేస్తారు. మర్నాడు మళ్లీ నెత్తురు తీస్తే విసుక్కోకండి. రెండోసారీ పెరగకపోతే ఇన్‌ఫెక్షన్ లేదనడానికి అది మంచి సాక్ష్యం. కల్చర్ కూడా శుభ్రంగా ఉంటే యాంటీబయాటిక్ ఆపేయొచ్చు. ఇక అంకె పెరిగినంత మాత్రాన సెప్సిసే అని కూడా కాదు. కష్టమైన కాన్పయినా, బిడ్డ పురిట్లోనే ఉమ్మనీటిలో మలం మింగినా పెరగొచ్చు. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వేస్తాయి, కొన్ని డెసిలీటరుకి వేస్తాయి. మామూలుగా హద్దుగా చూసే లీటరుకి 10 మిల్లీగ్రాములు, డెసిలీటరుకి 1 మిల్లీగ్రామూ ఒకటే. ఒక ఊరి రిపోర్టులో 1, ఇంకో ఊరి రిపోర్టులో 10 చూసి గుండెలు బాదుకున్నవాళ్లని నేనెరుగుదును.

ప్రొకాల్సిటోనిన్ అని ఇంకో పదార్థం ఇంతకంటే తొందరగా పెరుగుతుంది. దానికీ ఓ తంటా ఉంది. ఏ జబ్బూ లేని బిడ్డలోనూ పుట్టిన మొదటి రెండు రోజులు అది సహజంగానే పెరిగి తగ్గుతుంది. అందుకని వయసు గంటల్లో లెక్కగట్టి చూడాలి. ఇంటర్‌ల్యూకిన్-6 అని మరొకటి అన్నిటికంటే ముందు లేస్తుంది, ముందే పడిపోతుంది. ఒక్కటే పరీక్షతో తేలిపోయే రోజు ఇంకా రాలేదు. అసలు దొంగ పేరు చెప్పేది కల్చరే. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు గడవడానికే ఈ అంకెలన్నీ.

మన దగ్గర దొంగ కూడా వేరు. 2011 నుంచి 2014 వరకు ఢిల్లీలోని మూడు పెద్దాస్పత్రుల్లో పుట్టిన పిల్లల్ని గమనించి 2016లో అచ్చేసిన అధ్యయనంలో ఎక్కువగా దొరికినవి ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఇ.కోలి. బి గ్రూపు స్ట్రెప్టోకాకస్ చాలా తక్కువ. పైగా వాటిలో చాలావాటికి మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయడం లేదు. అందుకే అవసరం లేని బిడ్డకి మందు తొందరగా ఆపడం ఇక్కడ ఇంకా ముఖ్యం. రెండోసారి తీసిన ఆ నెత్తుటి చుక్క విలువ అక్కడుంది. ఏ రిపోర్టూ చేతిలో లేనివాళ్లు కూడా గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. పాలు తాగడం మానేయడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం, నిమిషానికి 60కి పైగా ఊపిరి, డొక్కలెగరేయడం, కదలిక తగ్గడం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా దిష్టి తీసి, దారం కట్టి, తెల్లారనిద్దామని కూర్చోకూడదు.

అమెరికాలో మాత్రం బి గ్రూపు కథ మలుపు తిరిగింది. కాన్పు నొప్పుల సమయంలో తల్లికే మందు ఎక్కిస్తే బిడ్డకి సోకడం ఆగుతుందని 1986లో షికాగో డాక్టర్లు చూపించారు. 1996లో దేశమంతటికీ నియమాలొచ్చాయి. 2002 నుంచి నెలలు నిండుతున్న ప్రతి గర్భిణికీ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో వెయ్యి కాన్పులకి 1.7 చొప్పున ఉన్న ఆ జబ్బు తర్వాత 0.2 దగ్గరికి దిగింది.

రెబెకా ఇవేవీ చూడలేదు. 1980 నవంబరులో పడి తుంటి ఎముక విరిగే దాకా ల్యాబ్‌కి వస్తూనే ఉంది. ఆ తర్వాత కోలుకోలేదు. 1981 మార్చి 3న, 86వ ఏట కన్నుమూసింది. 2023లో దక్షిణాఫ్రికా గర్భిణుల మీద జరిపిన బి గ్రూపు టీకా పరీక్షల ఫలితాలు అచ్చయ్యాయి. తల్లికి వేసిన టీకా విరుగుడు బిడ్డ నెత్తుట్లోకి చేరింది. ఆ టీకా ఆరు రకాల కోసం తయారైంది. వాటిలో నాలుగింటిని, ఒకటి-ఎ, ఒకటి-బి, రెండు, మూడు రకాల్ని, వేరు చేసి పేర్లు పెట్టింది రెబెకాయే.